ఓవెన్‌లో తీపి గుమ్మడి: పప్పన్నం పక్కకీ, పఖాళ పక్కకీ

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో గుమ్మడికాయకు లోటుండదు. చలికాలం మొదలయ్యేసరికి కొండల మీద నుంచి సంతలకు కాయలు దిగుతాయి. మనం పులుసు పెడతాం, బెల్లం వేసి దగ్గరగా వండుతాం, ఆవ పెట్టి చేస్తాం. ఇరుగుపొరుగు ఒడియా వాళ్ల దగ్గర నేర్చుకున్న దాల్మాలోనూ (పప్పూ కూరగాయలూ కలిపి వండేది) వేస్తాం. అన్నీ మంచి వంటలే. కానీ వీటన్నిట్లో గుమ్మడి నీళ్లలోనో, తన ఊటలోనో ఉడుకుతుంది. నీటి తడి లేకుండా పొడి వేడిలో కాలిన గుమ్మడి రుచి వేరు. ముక్కలోని నీరు బయటికి పోతుంది, తీపి లోపల చిక్కబడుతుంది, అంచులు ఎర్రబారి కొంచెం కరకరలాడతాయి. గుమ్మడికాయ అంటే మొహం తిప్పుకునే పిల్లలు కూడా ఇలా చేస్తే ప్లేటులోవి ఏరుకుని తింటారు.

ఈ వంట మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: తడి తగ్గించాలి, వేడి తగ్గనివ్వకూడదు. కింద చెప్పే ప్రతి పనీ దానికోసమే.

ఏ కాయ కొనాలి

విదేశీ వంటల వీడియోల్లో బటర్‌నట్, ఏకార్న్, కబోచా అని రకరకాల గుమ్మళ్లు కనిపిస్తాయి. అవి దొరకలేదని ఆగిపోవద్దు. బటర్‌నట్‌దీ, మన పల్లెల్లో పండే చాలా తీపి గుమ్మళ్లదీ ఒకే జాతి, కుకర్బిటా మొస్కాటా. కాబట్టి మన కాయతో ఈ వంట చక్కగా కుదురుతుంది. తేడా ఒక్కటే, మన కాయల్లో కొన్నిటికి నీరు ఎక్కువ. అందుకే ఆ వీడియోల్లో చెప్పిన టైమును గుడ్డిగా పట్టుకోకండి, ముక్కను చూసి నిర్ణయించుకోండి. బూడిద గుమ్మడి మాత్రం దీనికి పనికిరాదు, అది దాదాపు అంతా నీరే.

కాయ మొత్తంగా కొంటుంటే ముందు తొడిమ చూడండి. పచ్చగా, మెత్తగా ఉంటే కాయ లేతది. ఎండి గట్టిపడి, బెరడు కట్టినట్టు ఉండాలి. తొక్క మీద గోరు గుచ్చితే దిగకూడదు. నేలకు ఆని పెరిగిన చోట ఉండే మచ్చ తెల్లగా కాకుండా పసుపు పచ్చగా తిరిగి ఉంటే బాగా పండిన కాయ. అదే సైజు కాయలు రెండుంటే బరువైనదే తీసుకోండి.

కోసిన చెక్క కొనేటప్పుడు ఇంకా సులువు, లోపల ఏముందో కళ్లకు కనిపిస్తుంది. కండ ముదురు నారింజ రంగులో, దట్టంగా, గింజలు లావుగా నిండుగా ఉండాలి. కోసిన వైపు జిగురుగా ఉన్నా, గింజల చుట్టూ పీచు నీరుకారుతున్నా పొద్దుటి నుంచీ బండి మీదే ఉందని అర్థం. కొత్త కాయ కోసి ఇమ్మని అడగండి, ఏమీ అనుకోరు.

బాగా పండిన కాయను తీగ నుంచి కోసిన వెంటనే వండటం కంటే కొన్ని వారాలు ఉంచి వండితే మేలు. నిల్వలో ఉన్నకొద్దీ లోపలి పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది. పాత ఇళ్లలో గుమ్మళ్లను అటక మీదో, దూలానికి కట్టిన ఉట్టిలోనో పెట్టడం ఊరికే కాదు, కింద నేల తేమ తగలదు, చుట్టూ గాలి ఆడుతుంది. మీ ఇంట్లో ఉట్టి లేకపోతే గోనెసంచి పరిచి, కాయకూ కాయకూ తగలకుండా పెట్టండి. తొడిమ పట్టుకుని ఎత్తకండి. అది ఊడితే ఆ చోటు నుంచే కుళ్లు మొదలవుతుంది.

కావలసినవి

నలుగురికి పక్క వంటకంగా సరిపోవాలంటే కిలో గుమ్మడి తీసుకోండి, తొక్కా గింజలూ పోగా ముప్పావు కిలో దాకా మిగులుతుంది. నూనె రెండు టేబుల్ స్పూన్లు, ఉప్పు ముప్పావు టీస్పూను, పసుపు చిటికెడు, కారం అర టీస్పూను, తరిగిన బెల్లం ఒక టేబుల్ స్పూను. పోపుకు ఇంకో టీస్పూను నూనె, రెండు ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక టీస్పూను పంచ ఫుటన. చివర్లో పిండటానికి అర చెక్క నిమ్మకాయ.

పంచ ఫుటన ఈ జిల్లాల్లో ఏ కిరాణా కొట్టులో అడిగినా ఇస్తారు. సరిహద్దు అవతల ఆంధ్ర వైపు ఉన్నవాళ్లు ఇంట్లోనే కలుపుకోవచ్చు: ఆవాలు, జీలకర్ర, సోంపు, నల్ల జీలకర్ర సమపాళ్లలో, మెంతులు మాత్రం అందులో సగం. సోంపూ గుమ్మడీ బాగా కలుస్తాయి. దొరకలేదని మామూలు ఆవాలు, జీలకర్రతో సరిపెట్టుకుంటే వంట చెడదు, కానీ సోంపు ఒక్కటైనా వేయండి.

నూనె విషయంలో నా ఓటు ఆవనూనెకే. పచ్చివాసన పడదనుకుంటే చిన్న గిన్నెలో పొగ వచ్చేదాకా కాచి చల్లార్చి వాడండి, ఘాటు దిగిపోతుంది. అసలు అలవాటే లేని ఇంట్లో వేరుశెనగ నూనె మేలు. నూనె పూర్తిగా మానేసి చేయకండి. అది లేకపోతే ముక్క ఎర్రబారదు, ఎండిపోతుంది. గుమ్మడికి ఆ రంగునిచ్చే బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలన్నా కొంచెం కొవ్వు ఉండాలి.

కోయడం

ముదురు గుమ్మడిని కోయడమే ఈ వంటలో కష్టమైన పని. ఈ ప్రాంతంలో కొన్ని ఇళ్లలో పూర్తి కాయకు మొదటి కోత ఆడవాళ్లు పెట్టరు, మగవాళ్లను పిలుస్తారు. ఆచారం ఎలా ఉన్నా, గట్టి కాయ దగ్గర ఇంకో చేయి సాయం ఉంటే మంచిదే.

కత్తిపీట అలవాటున్నవాళ్లు దానితోనే కోయండి. రెండు చేతులతో కాయను పట్టుకుని ముందుకు నెట్టవచ్చు కాబట్టి జారే భయం తక్కువ. చాకుతో కోస్తుంటే పలక కింద తడిగుడ్డ పరవండి, పలక కదలదు. ముందు కాయ అడుగున పలచటి చెక్క తీసేసి, ఆ చదును భాగం మీద కాయను నిలబెట్టండి. దొర్లే కాయ మీద చాకు పెట్టకండి. తొడిమను నరకబోకుండా దాని పక్కనుంచి చాకు దించి రెండు చెక్కలు చేయండి. గింజలు, పీచు చెంచాతో గీకి తీయండి. గింజలు పారేయకండి, వాటి సంగతి చివర్లో చెబుతాను.

ఈ దశలో చిన్న పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే నమలకుండా ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. గుమ్మడి జాతి కాయల్లో అరుదుగా కుకర్బిటాసిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, ఆ చేదు దానిదే. వండితే పోదు, బెల్లం వేస్తే పోదు, తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇక్కడ పొదుపు చూసుకోకూడదు.

తర్వాత చెక్కు తీసి, అంగుళం ముక్కలు కోయండి. తొక్క పలచగా ఉన్న కాయ అయితే చెక్కు తీయకుండా అరంగుళం మందాన నెలవంక ముక్కలుగా కోసినా బాగుంటుంది, తొక్క మెత్తబడి తినేయవచ్చు. ఏ ఆకారమైనా సరే, అన్నీ ఒకే సైజులో ఉండాలి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అయితే చిన్నది మాడేసరికి పెద్దది పచ్చిగా ఉంటుంది.

కోశాక ముక్కలు కడగకండి. కడగాలనుకుంటే కాయను కోయకముందే కడిగి తుడవండి. ముక్కలను పొడి గుడ్డ మీద పరిచి, ఓవెన్ వేడెక్కేదాకా ఫ్యాను కింద ఉంచండి.

కాల్చడం

ఓటీజీని, అంటే ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్‌ను, 200 డిగ్రీల మీద, పై రాడ్డు, కింది రాడ్డు రెండూ ఆన్ చేసి పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి. చల్లటి ఓవెన్‌లో పెడితే ముక్క కాలే ముందే నీరు వదిలి నీరసపడుతుంది. ఓటీజీ కరెంటు బాగా లాగుతుంది కాబట్టి ఇన్వర్టర్ మీద నడపవద్దు.

వెడల్పు గిన్నెలో ముక్కలు, నూనె, పసుపు, కారం వేసి చేత్తో కలపండి. గరిటెతో కలిపితే నూనె అన్ని వైపులా అంటదు. ఉప్పు మాత్రం ట్రే ఓవెన్‌లోకి వెళ్లే నిమిషంలో వేయండి. ముందే వేస్తే ముక్క చెమట పట్టి గిన్నె అడుగున నీరు చేరుతుంది. అప్పటిదాకా ఆరబెట్టిన శ్రమంతా వృథా.

ట్రేలో బేకింగ్ పేపర్ పరిచి ముక్కలు ఒకే వరుసలో పెట్టండి. ముక్కకూ ముక్కకూ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. చాలామందికి ఈ వంట కుదరనిది ఇక్కడే. ఒకేసారి అయిపోతుందని ట్రే నిండా పోసేస్తారు. ఒక్కో ముక్క నుంచి లేచే ఆవిరి పక్క ముక్కకు తగిలి అన్నీ ఉడికిపోతాయి, కాలవు. ఇళ్లలో ఉండే చిన్న ఓటీజీ ట్రేలో కిలో గుమ్మడి ఒక్క వాయికి పట్టదు. రెండు వాయిలు చేయండి.

ట్రేను మధ్య అరలో పెట్టి పదిహేను నిమిషాలు తలుపు తీయకండి. ఆ తర్వాత బయటికి తీసి, పలచటి అట్లకాడతో ఒక్కో ముక్కనూ తిప్పండి. అడుగు ఎర్రబారితే ముక్క తేలిగ్గా లేస్తుంది. అంటుకుని చిరుగుతుంటే బలవంతపెట్టకుండా ఇంకో మూడు నిమిషాలు లోపల ఉంచండి. తిప్పాక మళ్లీ పది నిమిషాలు.

ఇక్కడ నుంచి గడియారం పక్కన పెట్టి కాయను చూడండి. మొదట్లో ముక్క చుట్టూ నూనె పెద్ద బుడగలుగా చిటచిటలాడుతుంది, అది లోపలి నీరు వెళ్లిపోతున్న చప్పుడు. నీరు తగ్గేకొద్దీ బుడగలు చిన్నవై శబ్దం సన్నబడుతుంది. ముక్క మూలలు లోపలికి కుంచించుకుని, అంచుల్లో ముదురు గీత పడుతుంది. పుల్ల గుచ్చితే ఏ అడ్డూ లేకుండా దిగాలి, ముక్క మాత్రం విడిపోకూడదు.

అప్పుడు బెల్లం. ఒక టీస్పూను వేడినీళ్లలో కరిగించి ముక్కల మీద అక్కడక్కడా చుక్కలుగా వేసి, ఐదారు నిమిషాలు మాత్రమే లోపల ఉంచండి. మొదట్లోనే వేస్తే ముక్క మెత్తబడే లోపే బెల్లం మాడి చేదెక్కుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు వండుతుంటే బెల్లం పూర్తిగా మానేయండి. మంచి కాయ అయితే దాని తీపే సరిపోతుంది.

పోపు

పోపు గింజలను ముక్కలతో కలిపి ఓవెన్‌లో పెట్టే పద్ధతి కొందరు చూపిస్తారు. నేను ఒప్పుకోను. అంత వేడిలో అరగంట ఉంటే మెంతులు, ఆవాలు నల్లబడి చేదు దిగుతాయి. పోపు విడిగా పొయ్యి మీద వేయండి. గరిటెలో నూనె కాగాక పంచ ఫుటన వేయండి, ఆవాలు చిటపటలాడగానే చిదిమిన వెల్లుల్లి, తుంచిన ఎండుమిర్చి. వెల్లుల్లి అంచు రంగు మారగానే దించి వేడి ముక్కల మీద పోయండి. మెంతులు బంగారు రంగు దాటి ఎర్రబడకూడదు. నిమ్మరసం పిండి, గరిటె పెట్టి కుళ్లబొడవకుండా ట్రేనే అటూ ఇటూ ఊపి కలపండి.

కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. వాళ్లు వెల్లుల్లి బదులు సన్నగా తరిగిన అల్లం, చిటికెడు ఇంగువ వేసుకోవచ్చు. నిమ్మ బదులు ఆంబుల వాడినా బాగుంటుంది. అది ఎండబెట్టిన మామిడి, మన ఒరుగుల్లాంటిదే. చిన్న ముక్క వేడినీళ్లలో నానబెట్టి, పిసికిన గుజ్జు ఒక టీస్పూను కలపండి.

ఆవ పెట్టి తినాలనుకునేవాళ్లకు ఇంకో దారి. ఒక టీస్పూను ఆవాలు, రెండు పచ్చిమిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, కాసిన్ని చన్నీళ్లతో మెత్తగా నూరి, మూడు స్పూన్ల గట్టి పెరుగులో కలపండి. ఆవాలు నలిగి నీళ్లు తగిలినప్పుడే ఘాటు పుడుతుంది, ఎక్కువ వేడి తగిలితే ఎగిరిపోతుంది. అందుకని ఈ ముద్దను ఓవెన్‌లో పెట్టకుండా, ముక్కలు గోరువెచ్చగా అయ్యాక కలపండి. ఇది చేస్తే బెల్లం, పోపు రెండూ అక్కర్లేదు.

ఓవెన్ లేకపోతే

రజొ పండుగకు ఒడియా ఇళ్లలో పొడొ పిఠా చేసే పద్ధతి మీలో చాలామంది చూసే ఉంటారు. పిండి పోసిన గిన్నెకు కింద నిప్పులు, మూత మీద కూడా నిప్పులు. ఓటీజీలో రెండు రాడ్లు చేసే పనే అది. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో గుమ్మడికీ అదే పద్ధతి వాడండి. మందపాటి ఇనుప బాండీకి నూనె రాసి, ముక్కలు ఒకే వరుసలో పరిచి, కింద మంట తగ్గించి నిప్పుల మీద పెట్టండి. ఇనుప మూత పెట్టి దాని మీద నాలుగైదు ఎర్రటి బొగ్గులు వేయండి. పది నిమిషాలకోసారి మూత తీసి ఆవిరి వదిలేసి, ముక్కలు తిప్పండి. ఆ పొగ వాసన కరెంటు ఓవెన్‌లో రాదు.

గ్యాస్ మీదైతే అదే బాండీలో మూత లేకుండా, మధ్యస్థపు మంట మీద. ముక్కలు అరంగుళం కంటే మందం ఉండకూడదు. ఎయిర్ ఫ్రయర్‌లో 180 డిగ్రీల దగ్గర పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు, మధ్యలో ఒకసారి కుదిపితే చాలు. మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ మోడ్ ఉంటే ఓటీజీలాగే పనిచేస్తుంది. మామూలు మోడ్‌లో పెట్టకండి, అది ముక్కలోని నీటిని వేడిచేసి ఉడకబెడుతుంది, ఎర్రబారనివ్వదు.

చిన్న కాయ దొరికి, చెక్కు తీసే ఓపిక లేకపోతే రెండు చెక్కలు చేసి, గింజలు తీసి, కోసిన వైపు నూనె రాసి, ఆ వైపే ట్రేకు ఆనేలా బోర్లించండి. 200 డిగ్రీల దగ్గర 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. తొక్క ముడతలు పడి, నొక్కితే లోపలికి పోతుంది. గుజ్జు చెంచాతో తీసి, ఆలూ చకటా (ఉడికించి మెదిపిన బంగాళాదుంప) చేసినట్టే పచ్చి ఆవనూనె, సన్నటి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు వేసి మెదపండి. ఎండాకాలం పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) పక్కన ఇంతకంటే మంచి తోడు నాకు తెలియదు.

వడ్డన

కాల్చిన గుమ్మడిని వేడిగా ఉండగానే వడ్డించండి. ముద్దపప్పు, నెయ్యి, చారు ఉన్న రోజు చాలా బాగుంటుంది. పులుసు ఉన్న రోజు వద్దు, తీపీ పులుపూ రెండుసార్లు అవుతాయి. వడ్డించే ముందు వేయించిన మినప వడియాలు చేత్తో నలిపి పైన చల్లండి. బడి చూరా (నలిపిన వడియాలు) తినే అలవాటున్న ఇళ్లకు ఈ కరకర కొత్తేమీ కాదు. ముందే చల్లితే మెత్తబడిపోతాయి, విస్తరిలో చల్లండి.

మిగిలితే చల్లారాక మూత గట్టిగా ఉండే డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు రోజులు ఉంటుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు పెనం మీద నూనె చుక్క వేసి చేయండి. లేదా దాల్మా దించేముందు కలపండి, పచ్చి ముక్కలు ఉడికించిన దానికంటే రుచి బాగుంటుంది. నీళ్ల కాయ పడి ఎంత కాల్చినా ముక్కలు చప్పగా వచ్చినా వాటి చోటు దాల్మాయే.

ఇక గింజలు. పీచు విడిపోయేదాకా నీళ్లలో పిసికి కడిగి, గుడ్డ మీద ఒక పూట ఆరబెట్టండి. అర టీస్పూను నూనె, ఉప్పు, మిరియాల పొడి కలిపి, ఓవెన్‌ను 150 డిగ్రీలకు తగ్గించి, ఇరవై నిమిషాలు వేయించండి. మధ్యలో ఒకసారి కలపాలి. ముదురు కాయ గింజల పొట్టు గట్టిగా ఉంటే పిల్లలకు ఒలిచి పెట్టండి, పెద్దవాళ్లు పొట్టుతోనే నమలవచ్చు. పూర్తిగా చల్లారాకే సీసాలో పోయండి.